తలుపు తెరిచే ఉంది కదా అనేవాళ్లకు

తనను వ్యాన్‌లోకి లాగిపడేసిన మనిషిని ఆ పదేళ్ల పిల్ల అడిగిన ప్రశ్నల్లో ఒకటి, "మీ షూ సైజు ఎంత?" అని. 45 అని వాడు చెప్పాడు కూడా. టీవీలో నేరాల కార్యక్రమం చూసే అలవాటున్న పిల్ల. దొంగ పోలికలు ఎంత వివరంగా చెబితే పోలీసులకు అంత పని సులువవుతుందని అందులో విన్నది. ఇంకాసేపట్లో బయటపడతాను, పోలీసులు అడుగుతారు, అప్పుడు చెప్పాలి అనుకుంది. ఆ "ఇంకాసేపు" ఎనిమిదేళ్లు దాటింది. లెక్కగా చెప్పాలంటే 3,096 రోజులు.

ఆమె నటాషా కాంపుష్. ఊరు ఆస్ట్రియాలోని వియన్నా. 2010లో వచ్చిన ఆమె ఆత్మకథకు ఆ రోజుల సంఖ్యే పేరు. ఇంగ్లీషు అనువాదం నాకు హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికింది. ఇంగ్లీషు టీచర్‌ని కాబట్టి అక్కడికి వెళ్తే పిల్లల కథల పుస్తకాలే ఎక్కువగా ఏరుకుంటాను. ఇది చేతిలోకి ఎందుకు తీసుకున్నానో చెప్పలేను గానీ, ఇంటికొచ్చి మొదలుపెట్టాక వంట కూడా మా ఆయనకే వదిలేశాను. అప్పటి నుంచి దీని గురించి ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది. మాట్లాడితే ఏమైందో కూడా కింద రాస్తాను.

1998 మార్చి 2, సోమవారం. ఆ వారాంతం తండ్రితో హంగరీ వెళ్లొచ్చింది. తల్లీ తండ్రీ విడిగా ఉంటున్నారు. తండ్రి ఆలస్యంగా దింపాడని రాత్రి తల్లికి కోపం వచ్చింది. తెల్లవారి నటాషా తల్లికి చెప్పకుండా, ముద్దు పెట్టకుండా బడికి బయల్దేరింది. కోపంతో విడిపోకూడదు, మళ్లీ చూస్తామో లేదో తెలియదు అని ఆ తల్లి ఎప్పుడూ అంటుండేదట. నాకేం కాదులే అనుకుంది పిల్ల. ఒంటరిగా బడికి నడవడం అప్పుడప్పుడే మొదలైంది. దారిలో తెల్ల వ్యాన్ పక్కన నిలబడ్డ మనిషిని చూసి, రోడ్డు దాటి అటువైపు వెళ్దామా అని ఒక్క క్షణం అనిపించింది. దాటలేదు. ఈ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు బయట తిరిగాను. బడికి పిల్లల్ని పంపే వాళ్లెవరికైనా ఇక్కడ ఊపిరి ఆడదు.

తీసుకెళ్లింది వోల్ఫ్‌గాంగ్ ప్రిక్లోపిల్ అనే టెక్నీషియన్. వియన్నా నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో స్ట్రాస్‌హోఫ్ అనే ఊళ్లో అతని ఇల్లు. గ్యారేజీ కింద సుమారు 5 చదరపు మీటర్ల గది ముందే కట్టి పెట్టుకున్నాడు. కిటికీ లేదు, బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలి కేక బయటికి పోదు. మనం పడుకునే డబుల్ కాట్ రెండు వేస్తే నిండిపోయే జాగా. మొదటి ఆరు నెలలు ఆమెను అందులోంచి బయటికే తీయలేదు. గాలి కోసం పెట్టిన ఫ్యాన్ గుయ్‌మని ఆగకుండా మోగుతూ ఉంటుంది. లైటు ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో అతనిష్టం. తర్వాత ఇంటర్‌కమ్ కూడా పెట్టి, అందులోంచి "మాట విను" అని అరిచేవాడు. ఆ గది గోడలూ తలుపులూ ఆమె రాసిన తీరు చూస్తే, చదువుతున్న మనకే గది కొలతలు ఒంటికి పట్టేస్తాయి.

నన్ను పట్టేసింది మొదటి రాత్రి. చీకట్లో పరుపు మీద పడుకున్న పిల్ల, తనను ఎత్తుకొచ్చిన వాడినే అడిగింది: నన్ను పడుకోబెట్టండి, ఒక కథ చెప్పండి, గుడ్‌నైట్ ముద్దు పెట్టండి. అతను చేశాడు. బఠాణీ గింజ మీద పడుకున్న రాకుమారి కథ చదివాడు. ఇక్కడే చాలామంది మొహం తిప్పుకుంటారు. కానీ ఆమె వివరించిన తీరు చూడండి. పదేళ్ల బుర్రకు ఆ భయం మోయడం చేతకాలేదు. అందుకని నాలుగైదేళ్ల పిల్లలా మారిపోయింది. ఆ వయసు పిల్లకు ఎదురుగా ఉన్న పెద్దవాళ్లే దిక్కు, రాత్రి పడుకునే ముందు ఏవి జరగాలో అవి జరిగితే లోకం చోటు తప్పనట్టే. ఇల్లు లేని చోట ఇంట్లో జరిగే పద్ధతిని తెచ్చి పెట్టుకుంది. దీన్ని నేను బలహీనత అనలేను. ఒక పిల్ల తన చేతిలో మిగిలిన ఒకే ఒక్క పనిముట్టును వాడుకుంది, అంతే.

తర్వాతి సంవత్సరాలు చదవడం కష్టం. పేరు తీసేసి బిబియానా అని పిలిచాడు. జుట్టు గీయించాడు. ఇల్లు తుడిపించాడు, గోడలు కట్టించాడు, బరువులు మోయించాడు. సరిపడా తిండి పెట్టలేదు. కొట్టిన దెబ్బల గురించి ఆమె తన కాగితాల్లో తేదీలతో సహా రాసుకుంది. ఆ పేజీలు కొన్ని పుస్తకంలో ఉన్నాయి: ఫలానా రోజు తల మీద ఇన్ని, పక్కటెముకల మీద ఇన్ని అని. అందులో ఏడుపు ఉండదు. రిజిస్టర్ రాసినట్టే ఉంటుంది. ఎవరూ చూడని చోట జరిగినదానికి తనే సాక్షిగా నిలబడాలనుకుందేమో. బయటికొచ్చేనాటికి ఆమె బరువు 48 కిలోలు. పదేళ్లప్పుడు ఎత్తుకుపోయినప్పుడు 45. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే వేరే వర్ణన అక్కర్లేదు.

అంత జరుగుతున్నా ఒక విషయంలో ఒప్పుకోలేదు. మోకాళ్ల మీద నిలబడి ప్రభూ అని పిలవమన్నాడు. పిలవలేదు. దెబ్బలు తిన్నా పిలవలేదు. మిగతా వందల విషయాల్లో లొంగింది, ఎందుకంటే లొంగకపోతే తిండి లేదు, వెలుతురు లేదు. ఎక్కడ లొంగాలో ఎక్కడ లొంగకూడదో ఆ పిల్ల ఎలా లెక్క వేసుకుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పన్నెండేళ్ల వయసులో ఒక రోజు తనకు పద్దెనిమిదేళ్లు వచ్చినట్టు ఊహించుకుంది. ఆ పెద్ద నటాషా వచ్చి చిన్న నటాషా చెయ్యి పట్టుకుని చెప్పింది: ఇప్పుడు నువ్వు చిన్నదానివి, పారిపోలేవు. నీకు పద్దెనిమిది వచ్చాక నేను వాణ్ణి దాటి నిన్ను బయటికి తీసుకెళ్తాను, నిన్ను వదిలెయ్యను. పుస్తకమంతా ఒక ఎత్తు, ఈ ఒక్క పేరా ఒక ఎత్తు. మాట ఇచ్చిందీ తనే, తీసుకున్నదీ తనే. అవతల ఇంకెవరూ లేరు కాబట్టి.

ఇక స్టాఫ్‌రూమ్‌లో నేను దీని గురించి మాట్లాడినప్పుడు ఏమైందంటే. లంచ్ బెల్ కొట్టాక మా లెక్కల మేడమ్ పుస్తకం అట్ట చూసి అడిగారు, "ఏంటి మేడమ్, అంత మునిగిపోయి చదువుతున్నారు?" కథ చెప్పాను. చివరి ఏళ్లలో ఆమెను ఇంట్లోకి, తోటలోకి, బజారుకి కూడా తీసుకెళ్లాడని చెప్పేసరికి ఆవిడా, సోషల్ సారూ ఒకేసారి, "మరి పారిపోవచ్చుగా!" అన్నారు. సార్ ఇంకో మాట కూడా అన్నారు, "అలవాటు పడిపోయుంటుంది మేడమ్, దానికేదో సిండ్రోమ్ ఉంటుందిగా."

వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఇద్దరూ పిల్లలంటే ప్రాణం పెట్టే టీచర్లు. ప్రపంచమంతా ఆమెను అడిగింది ఇదే ప్రశ్న. అందుకే ఈ పుస్తకం నుంచి నాకు అర్థమైన జవాబు ఇక్కడ రాస్తున్నాను. స్టాఫ్‌రూమ్‌లో పది నిమిషాల్లో చెప్పలేకపోయాను.

తలుపులకూ కిటికీలకూ పేలుడు పదార్థాలు పెట్టానని మొదటి నుంచీ ఆమెకు చెప్పాడు. సాయం అడిగితే అడిగినవాళ్లనే చంపేస్తానన్నాడు. మీ అమ్మానాన్నలు డబ్బులు కట్టడం లేదు, నువ్వు వాళ్లకు అక్కర్లేదు అన్నాడు. పదేళ్ల వయసు నుంచి వేరే గొంతు వినని పిల్లకు ఆ గొంతు చెప్పిందే లోకం. ఒకసారి సామాన్ల షాపుకి తీసుకెళ్లాడు. సేల్స్‌మన్ వచ్చి, "ఏమైనా సాయం కావాలా?" అని అడిగాడు. అన్ని షాపుల్లో అందరినీ అడిగే మాటే. ఆమె ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన ప్రశ్న. నోరు పెగల్లేదు. చెమటలు పట్టాయి. పక్కనే అతను ఉన్నాడు. పద్దెనిమిదో పుట్టినరోజు దగ్గరపడుతుండగా హోక్‌కార్ అనే కొండకు స్కీయింగ్‌కి తీసుకెళ్లాడు. అక్కడ లేడీస్ టాయిలెట్‌లో ఒకావిడ కనిపించింది. ఈసారి ధైర్యం కూడగట్టుకుని చెప్పేసింది. ఆవిడ నవ్వి వెళ్లిపోయింది. భాష తెలియని మనిషి. ఇంత కూడగట్టుకున్నది అలా పోయాక మళ్లీ కూడగట్టుకోవడానికి ఎంత కాలం పడుతుందో ఆలోచించండి.

గొలుసులు కాళ్లకు ఉంటేనే కనిపిస్తాయి మనకు. ఆమె విషయంలో అవి తలలో బిగించినవి. బిగించడానికి ఏళ్లు పట్టింది, దానికి ఆకలి, చీకటి, దెబ్బలు, మధ్యమధ్యలో ఒక చిన్న దయ, అన్నీ వాడాడు. ఆ దయే ఎక్కువ గట్టిగా బిగిస్తుందని ఆమె రాసింది చదివితే తెలుస్తుంది.

సోషల్ సార్ అన్న ఆ సిండ్రోమ్ గురించి కూడా చెప్పాలి. 1973 ఆగస్టు 23న స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో ఒక బ్యాంకులోకి దొంగ చొరబడి ఉద్యోగులను బందీలుగా పట్టుకున్నాడు. ఆరు రోజులు నడిచింది. బందీల్లో ఒకామె, క్రిస్టిన్ ఎన్‌మార్క్, ఫోన్లో దేశ ప్రధాని ఓలోఫ్ పాల్మేతోనే మాట్లాడి, పోలీసులు లోపలికొస్తే మేం చస్తామని భయంగా ఉంది, దొంగతో పాటు మమ్మల్ని వెళ్లనివ్వండి అంది. బయట పోలీసులకు సలహాలిస్తున్న నీల్స్ బేయెరోట్ అనే సైకియాట్రిస్ట్ బందీలు ఇలా తమను పట్టుకున్నవాడి పక్షం మాట్లాడటాన్ని ఒక జబ్బు అని పేరు పెట్టాడు. అదే స్టాక్‌హోమ్ సిండ్రోమ్‌గా ప్రపంచమంతా పాకింది. లోపల ఉన్నామె తన ప్రాణం ఎటువైపు నుంచి పోయే ప్రమాదం ఉందో చెప్పింది, బయటివాళ్లు దాన్ని రోగం అన్నారు. సరిగ్గా ముప్ఫై మూడేళ్ల తర్వాత అదే తేదీన, 2006 ఆగస్టు 23న నటాషా పారిపోయింది. ఆమెకూ అదే పేరు తగిలించారు. ఆమె పుస్తకంలో ఆ లేబుల్‌ను గట్టిగా తోసిపుచ్చింది. తనకు జరిగినదాన్ని అర్థం చేసుకునే హక్కును కూడా తన చేతుల్లోంచి లాగేసుకుని, తనను రెండోసారి బాధితురాలిని చేస్తున్నారు అంటుంది. ఎనిమిదేళ్లు చూసిన ఒకే ఒక్క మనిషితో ఏదో ఒక సంబంధం పెట్టుకోకుండా పిల్ల బతకలేదు. దీనికి జబ్బు పేరు ఎందుకు?

ఇది నాకు వియన్నా కథగానే ఉండిపోలేదు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన బళ్లో ఒకమ్మాయి హఠాత్తుగా రావడం మానేసింది. పని ఇప్పిస్తామని తెలిసినవాళ్లే పట్నం తీసుకెళ్లారు. ఒక ఇంట్లో పనికి పెట్టారు, జీతం లేదు, ఫోన్ లేదు. చాలా నెలల తర్వాత తిరిగొచ్చింది. మన దగ్గర పోలీసులు జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో ఇలాంటి పిల్లల కోసం వెతుకుతారు, 1098కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, ఇవన్నీ ఉన్నాయి. ఉండాలి. కానీ తిరిగొచ్చిన పిల్లకు ఊళ్లో ఎదురైన మొదటి మాట ఏంటో తెలుసా? "పాలు తేవడానికి బయటికి పంపేవాళ్లంట కదా, అటే వచ్చెయ్యొచ్చుగా?" ఆ పిల్ల తల వంచుకుని వింది. ఆ అపార్ట్‌మెంట్ ఏ ఏరియాలో ఉందో కూడా దానికి తెలియదని, మీ అమ్మ అడ్వాన్స్ తీసుకుంది, నువ్వు పోతే ఆమెను జైల్లో వేస్తారని చెప్పి పెట్టారని నాకు తర్వాత మెల్లగా చెప్పింది. పేలుడు పదార్థాలు అక్కర్లేదు. ఈ ఒక్క మాట చాలు.

ఇంకో సంగతి. "ఎందుకు పారిపోలేదు" అని నటాషాను అడిగినవాళ్లు, "ఎందుకు వెతకలేదు" అని అవతలివాళ్లను ఎంతమంది అడిగారు? ఆమెను వ్యాన్‌లోకి లాగుతుండగా పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె చూసింది, తెల్ల వ్యాన్ అని చెప్పింది. పోలీసులు 776 వ్యాన్ల యజమానులను విచారించారు. అందులో ప్రిక్లోపిల్ కూడా ఉన్నాడు. ఇంటికి వెళ్లి అడిగారు. ఇల్లు రిపేరు చేస్తున్నాను, మట్టీ రాళ్లూ మోయడానికి వ్యాన్ వాడుతున్నానన్నాడు. ఆ రోజు ఉదయం ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నానన్నాడు. సరేనని తిరిగొచ్చారు. ఆ ఏప్రిల్‌లోనే ఒక పోలీసు అతని మీద మరో సమాచారం ఇచ్చాడు. దాని మీదా ఎవరూ సరిగ్గా కదల్లేదు. ఈ విషయం 2008లో గానీ జనానికి తెలియలేదు, బయటపెట్టింది కూడా క్రిమినల్ పోలీసుల మాజీ అధిపతి హెర్విగ్ హైడింగర్. హంగరీ ప్రయాణం వల్ల పిల్ల దగ్గర పాస్‌పోర్ట్ ఉండిపోయింది, కాబట్టి దేశం దాటిందేమోనని కూడా వెతికారు. ఆమె మాత్రం పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

ఈ పుస్తకం అయ్యాక అమెరికాలోని జేసీ డుగార్డ్ గురించి కూడా చదివాను. 1991లో పదకొండేళ్లప్పుడు కాలిఫోర్నియాలో స్కూల్ బస్సు కోసం నడుస్తుండగా ఎత్తుకెళ్లారు, 2009లో దొరికింది. పద్దెనిమిదేళ్లు. ఆమెను ఉంచిన ఇంటికి పెరోల్ అధికారులు ఎన్నోసార్లు వచ్చి వెళ్లారు, ఎందుకంటే పట్టుకెళ్లినవాడు అప్పటికే పాత నేరస్తుడు. పెరటి వెనక ఏముందో చూడలేదు. చివరికి అనుమానించింది ఒక యూనివర్సిటీ క్యాంపస్ పోలీసు విభాగంలోని ఇద్దరు ఆడవాళ్లు. విచారణలో పేరు అడిగితే ముందు వేరే పేరు చెప్పింది, ఆ తర్వాత కూడా నోటితో చెప్పలేక కాగితం మీద రాసింది. పద్దెనిమిదేళ్లు పలకనివ్వని పేరు.

నటాషా బయటపడ్డ రోజు వాక్యూమ్ క్లీనర్‌తో అతని బీఎండబ్ల్యూ కారు శుభ్రం చేస్తోంది. అతనికి ఫోన్ వచ్చింది. వాక్యూమ్ మోతకు వినబడక కాస్త అవతలికి నడిచాడు. గేటు తెరిచి ఉంది. పన్నెండేళ్లప్పుడు ఇచ్చిన మాట గుర్తుకొచ్చిందని రాసింది. వాక్యూమ్‌ను ఆపకుండా అలాగే వదిలేసి పరిగెత్తింది. ఎదురైనవాళ్లను పోలీసులకు ఫోన్ చేయమంది, కుదరలేదు. కంచెలు దూకి ఒక పెద్దావిడ కిటికీ కొట్టింది. నేను నటాషా కాంపుష్‌ని, పోలీసుల్ని పిలవండి అంది. ఎనిమిదేళ్లలో మొదటిసారి తన పేరు తను చెప్పుకుంది. ఆ ఆవిడ అనుమానంగానే చూసినా ఫోన్ చేసింది. అతను ఆ సాయంత్రమే రైలు కింద పడి చనిపోయాడు.

జనం మొదట ఆమెను నెత్తిన పెట్టుకున్నారు. రెండు వారాలకు టీవీలో ఇంటర్వ్యూ ఇచ్చింది. నిదానంగా, మంచి భాషలో, ఏడవకుండా మాట్లాడింది. అక్కడ మొదలైంది. ఇంత బాగా ఎలా మాట్లాడుతోంది? అంత బాధపడ్డదానిలా లేదే? అతని శవపేటిక దగ్గర కొవ్వొత్తి వెలిగించిందని తెలిశాక ఇంకా మాటలన్నారు. బాధితురాలంటే తల వంచుకుని, కుమిలిపోతూ, మనం జాలిపడటానికి వీలుగా ఉండాలి. అలా లేకపోతే ఆమె చెప్పేది అబద్ధమేమో అంటాం. నాకు ఒళ్లు మండింది ఈ పేజీల్లో. అతను కొట్టిన దెబ్బల దగ్గర వచ్చింది దుఃఖం, ఇక్కడ వచ్చింది కోపం.

ఒక విషయంలో మాత్రం ఆమె తలుపు మూసేసింది. అతను తనతో లైంగికంగా ఎలా ప్రవర్తించాడన్నది రాయలేదు. తన సొంతమని చెప్పుకోవడానికి తనకు మిగిలిన కాస్త ఏకాంతం అది, దాన్ని ఎవరికీ ఇవ్వను అంది. రివ్యూల్లో కొందరు "పూర్తిగా చెప్పలేదు" అని రాశారు. పుస్తకం కొన్నంత మాత్రాన ఆమె జీవితం మొత్తం కొనుక్కున్నట్టా?

పుస్తకం ఎవరైనా అడిగితే ఇస్తాను, కానీ పదో తరగతి పిల్లలకు మాత్రం ఇవ్వను. దెబ్బలూ ఆకలీ ఉన్న అధ్యాయాలు పెద్దవాళ్లే ఆగి ఆగి చదవాల్సినవి. నిద్ర సరిగా పట్టని రోజుల్లో మొదలుపెట్టొద్దని కూడా చెబుతాను. అనువాదం ఇంగ్లీషు సులువుగానే ఉంది, డిక్షనరీ పెద్దగా అక్కర్లేదు.

స్ట్రాస్‌హోఫ్‌లోని ఆ ఇల్లు ఇప్పుడు ఆమెదే. పరిహారం కింద వచ్చింది. 2011లో నేల కింది గదిని పూడ్చేశారు, ఇంటిని మాత్రం ఆమె అమ్మలేదు. ఎవరో కొని జనానికి చూపించే వింతగా మారుస్తారని భయపడింది. దీని మీద కూడా జనం ఆమెను తిట్టారు, అలాంటి ఇల్లు ఎవరైనా ఉంచుకుంటారా అని. మా లెక్కల మేడమ్ కూడా అదే అన్నారు. ఆ ఇంట్లో ఎనిమిదేళ్లు జీతం లేకుండా ఊడ్చింది, తుడిచింది, గోడలు కట్టింది ఆమే కదా మేడమ్, ఇంకెవరిదవుతుంది అన్నాను.